శాతంలోకి రాని దెబ్బలు

మా చెల్లెలు రొండా అంకెల్ని నమ్మే మనిషి. ఎందుకు నమ్ముతుందో ముందే చెప్పకపోతే మీరంతా తననే తప్పు పడతారు, అందుకని అక్కడే మొదలుపెడతాను.

టెక్సస్ ఉత్తరపు కొసన పత్తి చేలూ పశువుల దొడ్లూ గాలీ తప్ప ఇంకేమీ లేని కాల్డర్ ఊళ్ళో పుట్టాం మేము. మా నాన్న ఇంకొకళ్ళ చేలల్లో ట్రాక్టరు తోలేవాడు. మా ఇంటిపేరు పికెట్. పికెట్ వాళ్ళ పిల్లలంటే బడిలో అందరికీ చిన్నచూపే. రొండా బాగా పరిగెత్తేది. అయినా పరుగు పందేల జట్టులోకి ఎప్పుడూ సొంత చేలున్న వాళ్ళ అమ్మాయిల్నే తీసుకునేవారు. ఒక ఏడు కొత్తగా వచ్చిన మాస్టారు స్టాప్‌వాచ్ పట్టుకుని అందర్నీ పరిగెత్తించి, ఎవరు ముందొస్తే వాళ్ళే జట్టన్నాడు. ఆ ఏడు రాష్ట్ర పోటీలకి మా ఊరి నుంచి వెళ్ళింది రొండా ఒక్కతే. "ఆ గడియారం మన ఇంటిపేరు అడగలేదన్నా" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

తన బతుకులో అంత న్యాయం మళ్ళీ జరగలేదు. కట్టుకున్నవాడు చమురు బావుల్లో పనని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. రొండా ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయాగా చేరి కొడుకుని ఒక్కతే పెంచింది.

ఆ కొడుకు కేడ్ మా బడి ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసురుతారు, ఆట చిన్న చిన్న విడతలుగా సాగుతుంది. ప్రతి విడతా మొదలవగానే బంతి వాడి చేతికే వస్తుంది. ఎదుటివాళ్ళు మీద పడేలోపు, ముందుకి పరిగెడుతున్న మనవాళ్ళలో ఎవరికి విసరాలో వాడే తేల్చుకోవాలి. విసిరినవాటిలో ఎన్ని మనవాళ్ళ చేతికి అందాయో లెక్కేసి, నూటికి ఇంతని ఒక శాతం కడతారు. ఏ ఊరి పిల్లవాడి శాతమైనా ఫోన్లో కనపడుతుంది.

ఆగస్టులో ఒక చిన్న కాలేజీ నుంచి రొండాకి ఫోనొచ్చింది. అరవై ఐదు శాతం పైన ఉన్న పిల్లల్నే చూస్తున్నామనీ, కేడ్ అక్కడే నిలబడితే సొంత మైదానంలో ఆఖరి ఆటకి తమ మనిషిని పంపిస్తామనీ చెప్పారు. నచ్చితే చదువూ తిండీ గదీ అన్నీ వాళ్ళవే. కేడ్‌కి కాలేజీ అంటూ రాసిపెట్టి ఉంటే దానికదొక్కటే దారి. ఆ రోజు నుంచి రొండా పొద్దున్నే వాడి పళ్ళెంలో గుడ్లు వేస్తూ "అరవై ఐదు కిందికి పోనివ్వకు నాన్నా" అనేది. వాడు తల ఊపి తినేవాడు.

నాకు ఆ శాతమంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. పత్తి మిల్లులో పని అయిపోయాక, శుక్రవారం ఆటలప్పుడు నేను మైదానం అంచు గీత పక్కన గొలుసు పట్టుకుని నిలబడతాను. రెండు కర్రల మధ్య పది గజాల గొలుసు. జట్టు పది గజాలు ముందుకి జరిగిందా లేదా తేల్చేది అదే. జీతం లేదు, ఐసు వేసిన టీ ఇస్తారు. గజాల్ని కొలవొచ్చు, అందులో నాకు పేచీ లేదు. కానీ విసిరే చేతినెలా కొలుస్తారు? మా దగ్గర గాలి ఎదురుగా కొట్టిందంటే టోపీయే నెత్తిన నిలవదు. ఆ గాలిలో కేడ్ ముప్పై గజాలు విసిరి, లూయీ అర్మెండరిజ్ గుండెల మీదికి సరిగ్గా వేస్తాడు. లూయీ దాన్ని జారవిడుస్తాడు. అదీ కేడ్ తప్పు కిందే రాస్తారు. పక్కనున్నవాడికి ఉప్పు అందించినట్టు బంతి అందిస్తే, వాడు మైదానమంతా పరిగెడితే, ఆ గొప్పంతా మళ్ళీ కేడ్‌దే.

ఇదే మాట రొండాతో అంటే మూతి విరిచింది.

"నీ గొలుసుకేమన్నా బుర్ర ఉందా? లేదు కదా. మరి శాతానికి ఎందుకుండాలి?"

"గొలుసు గజాలు చెబుతుంది. పిల్లవాడి సత్తా చెబుతానని బయల్దేరదు."

"సరే, శాతం తీసి పారేద్దాం. అప్పుడీ ఊరికి ఎవడొస్తాడన్నా మనవాణ్ణి చూడ్డానికి? తెలిసినవాళ్ళు ఫోన్ చేసి చెప్పుకున్న పిల్లల్నే చూసి పోతారు. మనకెవరున్నారు ఫోన్ చేయడానికి, నువ్వా?"

టోపీ తీసుకుని మిల్లుకి పోయాను.

అక్టోబరు నడిమిలో జరిగిన ఒక ఆటలో నాకు మొదటిసారి భయం పట్టుకుంది. కేడ్ బంతితో నా వైపు గీత దగ్గరికి పరిగెత్తుకొస్తున్నాడు. వెనక ఇద్దరు దున్నపోతుల్లాంటి వాళ్ళు తరుముతున్నారు. విసరడానికి మనవాడెవడూ ఖాళీగా లేడు. అలాంటప్పుడు ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా బంతిని గీత దాటించి బయటికి విసిరేస్తాడు. ఆ విడత అక్కడితో ఆగిపోతుంది, ఒంటికి దెబ్బ తగలదు. కేడ్ చెయ్యెత్తాడు. నా వంక చూశాడు. ఎత్తిన చెయ్యి దించేసి బంతిని కడుపుకి హత్తుకున్నాడు. ఇద్దరూ వచ్చి వాడి మీద పడ్డారు.

పైన బల్లల మీద కూర్చున్నవాళ్ళకి ఆ దెబ్బ కనపడుతుంది. గీత పక్కనున్నవాడికి వినపడుతుంది. వాడు ఒక మోకాలి మీద లేచి, పక్కటెముకలు పట్టుకుని మళ్ళీ జట్టులోకి వెళ్ళాడు. కాసేపయ్యాక అదే జరిగింది. ఆ తరవాత ఇంకోసారి.

"బయటికి విసరరా! గీత నీ పక్కనే ఉంది కదా!" అని మా కోచ్ మేహ్యూ అరిచాడు.

"కనపడలేదు కోచ్" అన్నాడు కేడ్.

అబద్ధం. వాడి చూపు నా చూపులో పడింది, నేనున్నది గీత మీదే.

ఆ రాత్రి వాణ్ణి నా ట్రక్కులో ఇంటికి తీసుకెళ్ళాను. ఎక్కడానికే అవస్థపడ్డాడు.

"గీత కనపడిందా లేదా?" అన్నాను.

"కనపడింది."

"మరి ఏం రోగం?"

"బయటికి విసిరినా తప్పిన బంతి కిందే రాస్తారు మావయ్యా. శాతం పడిపోతుంది. బంతి చేతిలో ఉండగా పడగొడితే శాతానికేం కాదు." లెక్కల మాస్టారికి లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పాడు.

"మరి పక్కటెముకలకి?"

"అవి ఫోన్లో కనపడవుగా" అని నవ్వబోయాడు. నొప్పెట్టి ఆగాడు. "అమ్మకి చెప్పకు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెప్పాను. రొండా చిక్కుళ్ళు పొయ్యి మీద పెట్టి మొక్కజొన్న రొట్టెకి పిండి కలుపుతోంది. విని ఒంటికాలి మీద లేచింది.

"నా కొడుకేం పిచ్చివాడా, కావాలని దెబ్బలు తినడానికి? కనపడలేదని వాడే చెప్పాడట కదా."

"కోచ్‌కి చెప్పిన మాట అది. నాకు చెప్పింది ఇది."

"నీకు లెక్కలంటేనే గిట్టదు. అందుకే ఇలా పుల్లలు పెడుతున్నావు."

నాకు తిక్క రేగింది. "మీ ఆశ్రమంలో సంగతి నువ్వే చెబుతావు కదే. ముసలివాళ్ళు గంట నొక్కితే గుమ్మం మీద దీపం వెలుగుతుంది, ఆయా ఎంత తొందరగా దాన్ని ఆర్పితే అంత మంచి మార్కులు. మిగతావాళ్ళు దీపం ఆర్పేసి, ఇప్పుడే వస్తానని చెప్పి పోతారు. నువ్వు ముసలమ్మని స్నానాలగదికి తీసుకెళ్ళి, మళ్ళీ మంచం మీద పడుకోబెట్టాక ఆర్పుతావు. ప్రతి నెలా అందరికంటే తక్కువ మార్కులు నీకే. వచ్చి నా దగ్గర ఏడుస్తావు. నీ కొడుకు ఇప్పుడు దీపం ఆర్పడం నేర్చుకున్నాడు. ఆ ఆయాలకి దెబ్బలు తగలవు, వీడికి తగులుతున్నాయి. అంతే తేడా."

రొండా పిండి చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. ఒక్కో ఆటా వెనక్కి జరుపుతూ చూసింది. వాడి శాతం బాగా పెరిగిన ఆటలన్నీ మేం ఓడిపోయినవే. వాణ్ణి ఎక్కువసార్లు పడగొట్టినవీ అవే. ఫోన్ బోర్లా పెట్టి మొహం చేతుల్లో దాచుకుంది.

ఇంకేముంది, కొడుకుని మందలిస్తుంది అనుకున్నాను. మందలించలేదు.

"చెబితే శాతం పోతుంది, దాంతో కాలేజీ పోతుంది" అంది. "చెప్పకపోతే..." ఆ మాట పూర్తి చేయలేదు. "ఇంకొక్క ఆటే కదన్నా. ఆయన వచ్చి చూసి వెళ్ళాక వాడే మానేస్తాడు."

"తల నేలకి కొట్టుకోవడానికి ఒక్క ఆట చాలు. నేను మేహ్యూకి చెబుతాను."

"చెబితే వాణ్ణి కూర్చోబెడతాడు. వచ్చినాయన ఖాళీ బెంచీ చూసి పోతాడు. నీ కాళ్ళు పట్టుకుంటానన్నా, చెప్పకు."

పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను. ఆ వారమంతా రొండా మనిషి మనిషిలా లేదు. ఆశ్రమంలో ఒకళ్ళ భోజనం ఇంకొకళ్ళకి పెట్టిందట. ఇంట్లో కేడ్ దగ్గినా ఉలిక్కిపడేది. అరవై ఐదు మాట అనడం మానేసింది. విసిరెయ్యమనీ అనలేదు.

సొంత మైదానంలో ఆఖరి ఆటకి ముందు, ఆ ఏడు బడి వదిలే పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి నడుస్తుంది, ఊరంతా లేచి నిలబడుతుంది. బంతి బయటికి విసిరెయ్యమని అక్కడ చెబుతానంది నాతో. పసుప్పచ్చ పువ్వు పెట్టుకుని, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని కేడ్ పక్కన నడిచింది. మధ్యలో ఆగినప్పుడు నోరు తెరిచింది. వాడు వంగి "ఏంటమ్మా?" అన్నట్టున్నాడు. వాడి చొక్కా మెడ సర్ది ఊరుకుంది.

తిరిగి వెళ్తూ నా పక్కనుంచే వచ్చింది.

"చెప్పావా?"

"నోరు రాలేదన్నా. ఆయనొచ్చాడు, పైన కూర్చున్నాడు చూడు."

పై వరసలో నీలం జాకెట్టు మనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. జాకెట్టు మీద ఆ కాలేజీ పేరు ఇక్కడికి కూడా కనపడుతోంది.

మొదటి సగంలో గాలి వెనకనుంచి వీచింది. కేడ్ దగ్గర దగ్గర బంతులు విసిరాడు, అన్నీ అందాయి. రెండుసార్లు పడగొట్టారు, రెండుసార్లూ లేచాడు. పైన జనం సంతోషంగా ఉన్నారు.

రెండో సగం మొదలైన కాసేపటికి, వాడు మళ్ళీ గీత దాకా వచ్చి మళ్ళీ చెయ్యి దించాడు. ఈసారి వెనకనుంచి ఒకడు, పక్కనుంచి ఒకడు వచ్చి కొట్టారు. నాకు నాలుగు అడుగుల దూరంలో పడ్డాడు. లేవలేదు. రెండు జట్ల పిల్లలూ ఎక్కడివాళ్ళక్కడ ఒక మోకాలి మీద కూర్చున్నారు. మా దగ్గర ఒక పిల్లవాడు లేవకపోతే అందరూ అలాగే కూర్చుంటారు. నేను గొలుసు వదిలెయ్యకూడదు. వదల్లేదు.

రొండా మెట్లు దిగి కంచె దాకా వచ్చింది. కన్నవాళ్ళైనా కంచె దాటకూడదు. తీగ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. వైద్యం చూసే కుర్రది పరిగెత్తుకొచ్చి వాడి తలా మెడా పక్కలూ తడిమింది, ప్రశ్నలడిగింది. వాడికి దెబ్బకి ఆగిన ఊపిరి మెల్లగా తిరిగొచ్చింది. లేచి కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు.

"కేడ్!" అంది రొండా.

వాడు తిరిగాడు.

"బయటికి విసిరెయ్ నాన్నా. శాతం లేదు గీతం లేదు. మీద పడుతుంటే విసిరెయ్."

ఆ మాట పై వరస దాకా వినపడి ఉంటుంది. కేడ్ నీలం జాకెట్టు వైపు చూశాడు.

"అటు కాదు, నన్ను చూడు" అంది. "చెప్పింది వినపడిందా?"

తల ఊపాడు. ఒక్క విడత బయట కూర్చుని, కుర్రది సరేనన్నాక మళ్ళీ లోపలికి వెళ్ళాడు. అప్పటికి గాలి ఎదురు తిరిగింది.

కొద్దిసేపటికే మళ్ళీ తరుముకుంటూ వచ్చారు. కేడ్ గీత దగ్గరికొచ్చి చెయ్యెత్తాడు. నేను కర్ర బిగించి పట్టుకున్నాను. బంతి నా నెత్తిమీదుగా వెళ్ళి కంచెకి తగిలింది. ఎవరూ వాణ్ణి తాకలేదు. పైన జనం ఉసూరుమన్నారు. ఆ ఉసూరులో రెండు చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి.

ఆ తరవాత గాలి ఒక బంతిని పక్కకి లాక్కుపోయింది. లూయీ ఒకటి జారవిడిచాడు. వాటికి రొండా కిమ్మనలేదు. బయటికి విసిరిన ప్రతిసారీ చప్పట్లే. కంచె దగ్గర బఠాణీలు తింటున్న ఒకావిడ జాలిపడింది. "అది తప్పిన బంతమ్మా రొండా."

"తెలుసు" అంది.

ఆట చివరికొచ్చింది. ఇద్దరు వెనక తరుముతుండగా కేడ్ మళ్ళీ నా వైపే వచ్చాడు, మళ్ళీ విసిరేశాడు. నెత్తిమీదుగా పోయిన బంతి కోసం వెనక్కి తిరిగి చూశాను. నీలం జాకెట్టాయన ఫోన్ జేబులో పెట్టుకుని, జిప్పు మెడ దాకా లాక్కుని మెట్లు దిగుతున్నాడు. రొండా ఆయన్ని చూసింది. మొహం సున్నం కొట్టినట్టయింది. మెట్ల అడుగున దారికి అడ్డంగా నిలబడి ఉంది తను. ఒక పక్కకి జరిగి ఆయనకి దారిచ్చింది. చప్పట్లు మాత్రం ఆపలేదు.