నర్సమ్మ థైమ్ కుండీ

ఆ రోజుల్లో ఎవరైనా మనల్ని నమ్మి ఏదైనా అప్పగిస్తే ఆ నమ్మకమే జ్వరంలా పట్టుకునేది. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో నేను బీదరులో టీచరుగా చేరి, రిటైరైన ఒక నర్సమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ పెరట్లో మట్టికుండీలో థైమ్ అనే మొక్క ఉండేది. (చిట్టి ఆకులు, నలిపితే ఇంచుమించు వాము వాసన.) ఆసుపత్రి డాక్టరమ్మ దేశం విడిచి వెళ్తూ ఇచ్చిందట. దగ్గొస్తే ఆ ఆకు కషాయమే ఆవిడకు మందు. కూతురి పురిటికి హైదరాబాదు వెళ్తూ, "బిడ్డా, నెల రోజులు జర పైలం. ఊర్ల ఇసుంటిది ఇంకోటి లేదు" అంది.

అంతే, నాకు అన్నం సహించలేదు. ఎండకు మాడుతుందేమోనని కుండీని వసారా నీడలోకి జరిపాను. పొద్దున ఒక చెంబు, బడి నుంచి రాగానే ఒక చెంబు నీళ్లు. వారానికల్లా ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. దాహమేమోనని మూడో చెంబు పోశాను. కొమ్మలు సన్నగా సాగి వాలిపోతే, బలానికని పేడనీళ్లు కూడా. (పరీక్ష తప్పిన పిల్లలకైనా నేనింత సేవ చేయలేదు.) పదిహేనో రోజుకు మొదలు నల్లబడింది. ఆ దిగులులో హాజరు పిలుస్తూ ఒక పిల్ల పేరుకు బదులు "థైమ్" అన్నాను. ఎవరూ పలకలేదు.

చివరికి, పక్కనున్న కమఠాణ ఊరి నుంచి వచ్చి మాకు పాలు పోసే మామకు చూపించాను. ఆయన మట్టి కెలికి, "ఏందమ్మా, తాగిపిచ్చి తాగిపిచ్చి సంపినవ్! అడుగున తూటు మూసుకపోయింది, వేర్లు మురిగినయ్" అన్నాడు.

"బతుకుతుందా మామా?"

"ఇది బతకది. కొసలు పచ్చగున్నయ్ గదా, తుంచి మొరం, ఇసుక కలిపి నాటు. వేర్లు పట్టినంక ఎండల పెట్టు. వేలు పెట్టి సూడు, తడి ఉంటే నీళ్లు పొయ్యకు."

నాలుగు కొసలు నాటాను. (వేరు వచ్చిందో లేదోనని రోజూ పీకి చూడటం వల్ల ఒకటి పోయింది.)

నర్సమ్మ వచ్చి పెట్టె కింద పెట్టకముందే ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ ఒక ఆకు తుంచి వాసన చూసి పకపకా నవ్వింది. "డాక్టరమ్మ ఇచ్చింది యాడుంది బిడ్డా? మొదటి ఏడే నీళ్లు పోసి సంపిన. తర్వాత ఇంకో రెండు. నేను గూడ కొసలే నాటుకుంట వచ్చిన. నువ్వు సంపింది నాలుగోది."

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్తే నీకు భయం యాడుంటది? అసలు నీళ్లే పొయ్యవనుకున్న!"

ఇప్పుడు నా మేడ మీద మంచి ఎండలో మూడు థైమ్ కుండీలున్నాయి, వేలు పెట్టి చూసి, మట్టి ఆరితేనే నీళ్లు పోస్తాను. వాటి పక్కన నిలబడినప్పుడు, ఇరవై రెండేళ్ల ఆ బిక్కమొహం టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని, "అంత భయపడకు తల్లీ" అని చెప్పాలనీ అనిపిస్తుంది.