నలభైతొమ్మిది చింతగింజలు

కుట్టుమిషను బాగుచేసే కొట్టుకు వెళ్లినప్పుడల్లా ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే చిల్లకూరు దగ్గర మా తాత వాళ్ల ఊరూ, ఆ ఇంటి వెనకవైపు గదీ గుర్తుకొస్తాయి. మా అమ్మకు నాన్న ఆయన. పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చి, వేరుశనగ పండించుకుంటూ, లైసెన్సున్న రైఫిలును ఆ వెనక గదిలో నూనె పూసి తుడుస్తూ బిడ్డను సాకినట్టు సాకేవాడు. వేసవి సెలవులకు నేను పోయేసరికి వాకిట్లో కొత్త చింతపండు ఎండుతుండేది; అవ్వ గింజలు కొట్టడం ఆపి ఉప్పేసి ఉడికించిన వేరుశనక్కాయలు నా ఒళ్లో పోసేది; పొద్దు వాలేసరికి సముద్రపు గాలి జిగటగా వచ్చి ఆరిన బట్టల్ని మళ్లీ చెమ్మచేసేది.

తాత ఆ గదిలోనే ఖాళీ గొట్టాల్లో తుపాకిమందు పోసి, పైన గుండు బిగించి, తూటాలు తనే నింపుకునేవాడు. అందుకిచ్చిన అనుమతి కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించాడు. పట్టాళం తూటా ఎంత సూటిగా తగిలేదో తనదీ అంతే సూటిగా తగలాలని మూడేళ్లు తంటాలు పడ్డాడు. తూటాలు నింపే పద్ధతి చెప్పే పుస్తకంలో రాసిన హద్దు ఏనాడూ దాటకుండా, మందు ఇసుమంత మార్చి, నాలుగు కాల్చి, అట్టమీద పడిన చిల్లుల్ని నోటుబుక్కులో గీసుకునేవాడు. గాలిలో చెమ్మ ఉన్న రోజు మందు డబ్బా మూతే తీసేవాడు కాదు. పట్టాళంలో ఆయనకు పైఅధికారిగా చేసిన సుబేదారు గారు ప్రతి ఆదివారం పక్కూరి నుంచి వచ్చి, అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఎగతాళి చేసేవారు.

"ఏం హవల్దారూ, ఇంట్లో చేసిన తూటా పట్టాళం తూటాకి సాటొస్తుందా? నక్కకీ నాగలోకానికీ ఉండే తేడా ఉండాదయ్యా!"

"వచ్చే ఆదివారం నాతో నెల్లూరులో తుపాకులు కాల్చే రేంజికి రండి సార్, చూపిస్తా."

ఆ శనివారం పొద్దున యాభై తూటాలకు కూర్చున్నాడు. ఆయన పనిలో ఉండగా ఎవరూ గడప దాటకూడదు, పలకరించకూడదు. ఒక్కో గొట్టంలో మందు పోయగానే కిటికీ అంచున పెట్టుకున్న గిన్నెలో ఒక చింతగింజ వేసేవాడు. ఆ కిటికీ బయట పెరటి అరుగుమీద నేనూ పక్కింటి పిల్లా వామనగుంటలు ఆడుతున్నాం. గుంటకు అయిదు గింజల లెక్కలో ఒకటి తక్కువైంది. అవ్వ గింజలన్నీ మూటగట్టి అటకెక్కించేసింది. తాత అటు తిరిగి త్రాసు చూసుకుంటుంటే కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక్క గింజ తీసుకున్నాను. ఆటలో గెలిచాను కూడా.

పని అయ్యాక తూటాలు యాభై, గింజలు నలభైతొమ్మిది. తాత మూడుసార్లు లెక్కపెట్టాడు.

"యాడో పడిపోయుంటుందిలే. ఒక్క గింజకి అన్నీ విప్పుతావా?" అంది అవ్వ.

"గింజ పడిపోతే పోనీలేవే. ఒకదాంట్లో మందు పడకుంటే? గుండు బయటికి రాకుండా తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. ఎనకాలే ఇంకోటి కాలిస్తే తుపాకి మొగం మీదే పగులుతుంది."

గుండ్లు ఒక్కొక్కటే ఊడబీకి, మందు తూచాడు. మొదట తిడతాడని భయపడి నేను నోరు విప్పలేదు. తాత సగం తూటాలు విప్పేసరికి ఆ భయం రెండింతలైంది. యాభైలోనూ మందు సరిగ్గానే ఉంది.

"చూసినావా, అన్నీ బాగానే ఉండాయి గదా!" అని అవ్వ సంబరపడింది.

"మందు తప్పలా. గింజ వెయ్యడం మరిచినా. ఈరోజు గింజ మరిచిన చెయ్యి రేపు మందు మరుస్తుంది," అన్నాడు తాత, తన కుడిచేతిని తిప్పి చూసుకుంటూ.

ఆయన మరి రేంజికి పోలేదు. మర్నాడు ఆ సంగతి విన్న సుబేదారు గారు మజ్జిగ సగంలోనే వదిలేసి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా తాత రైఫిలు పోలీసు స్టేషనులో అప్పగించేశాడు. తర్వాత చాలా ఏళ్లు బతికాడు, కళ్లద్దాలు లేకుండా అవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. కానీ తన బీపీ మాత్రలు లెక్కపెట్టుకుని కూడా అరచెయ్యి నా ముందు చాపి, "నువ్వొకసారి చూడమ్మా, నా లెక్క నమ్మేదానికి లేదు," అనేవాడు. "సరిగ్గానే ఉన్నాయి తాతా," అనేదాన్ని. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా అంతే అన్నాను, సిగ్గులేకుండా.

ఇప్పుడా వేరుశనగ చేనంతా రొయ్యల గుంటలు. గది పడగొట్టి మోటారు షెడ్డు వేశారు. తాతా లేడు, అవ్వా లేదు, సుబేదారు గారూ లేరు. ఆ గింజ తీసింది నేనేనని చెప్పుకోవడానికి ఈ కాగితం తప్ప నాకు మరో దిక్కు లేదు.