కొంగు ఒగ్గీకు

బజారులో పచ్చిచేపల వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా కుడిచెయ్యి తనంతట తనే బిగుసుకుంటుంది.

అరవైల చివర్లో, శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. నాన్న వేటకెళ్తే మా ముగ్గురినీ చూసేవాళ్లు లేరు. అందుకని అమ్మ మమ్మల్ని కూడా సంతకు తీసుకెళ్లేది. తలమీద చేపల గంప, చంకలో చంటి తమ్ముడు, వెనక కొంగు పట్టుకుని నేను, నా చెయ్యి పట్టుకుని చెల్లి.

"ఒలే, కొంగు ఒగ్గీకు. నువ్వొగ్గేస్తే నాను పడిపోతాను," అనేది బయల్దేరే ముందు.

నిజమే అనుకున్నాను. గంపనీ, తమ్ముణ్ణీ, అమ్మనీ నేనే నిలబెడుతున్నానని నా నమ్మకం. ఇసక అరికాళ్లు కాల్చినా, గంపలోంచి నీసునీళ్లు మొహమ్మీద కారినా కొంగు వదల్లేదు. చెల్లి ఏడుస్తూ కూలబడబోతే, "నడు, అమ్మ పడిపోతాది!" అని గదిమి లాక్కెళ్లాను.

మేం తప్పిపోకుండా అలా అనేదని పెద్దయ్యాకే అర్థమైంది. నాకూ పిల్లలు పుట్టాక ఒకరోజు నిలదీశాను. "ఎంత అబద్ధం ఆడేవే అమ్మా!"

చేపలు తోముతున్న అమ్మ తలెత్తనైనా లేదు.

"అబద్దమేటే? నువ్వు ఒగ్గేసుంటే ఎప్పుడో పడిపోదును."