పొండి అన్నందుకు

ఇరవై మూడేళ్ళపాటు వదిన పొద్దున్నే లేచి చేసే మొదటి పని చొక్కా ఇస్త్రీ. పళ్ళు తోముకోవడం కూడా దాని తర్వాతే. ఇంటాయన లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగి. పగలంతా లిఫ్టు గోతుల్లోకి దిగి, తీగలకు పట్టిన జిడ్డు చూసి, సాయంత్రానికి అందులో సగం తన ఒంటికే పూసుకొని వచ్చేవాడు. అయినా సరే, పొద్దున గడప దాటేటప్పుడు కాలరు కత్తిలా నిలబడాలి.

"గోతిలో మీ కాలరు చూసేదెవరండీ, ఎలుకలా?" అనేది వదిన.

"ఎలుకలకి మాత్రం కళ్ళుండవా?" అనేవాడు ఆయన.

ఇప్పుడు ఆయన లేడు. ఇస్త్రీ మాత్రం ఉంది. ఐదు రోజులకు ఐదు చొక్కాలు. వేసుకునేవాడు లేకపోయాక చొక్కాలు నలగవు కదా, అందుకని ముందు వదినే వాటిని రెండు చేతులతో ఉండచుట్టి నలిపి, నీళ్ళు చిలకరించి, ఆ తర్వాత ఇస్త్రీ చేస్తోంది.

వదిన అంటే ఒక్కరికి కాదు. ఆ పరాయి దేశంలో, ఆ ఆరంతస్తుల భవనంలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకూ ఆమె వదినే. ఆయన పోయినప్పుడు నాలుగిళ్ళవాళ్ళూ వచ్చారు. ఒకావిడ వచ్చీరాగానే ఫ్రిజ్ తెరిచి ఏమున్నాయో చూసింది. ఇంకొకాయన, "ధైర్యంగా ఉండాలి వదినా" అని చెప్పి, ఆ గదిలో అందరికంటే ఎక్కువ తనే ఏడ్చి, కాఫీ తాగి వెళ్ళాడు. తెలుగు సంఘం అధ్యక్షురాలు రోజూ ఫోన్లో పువ్వు బొమ్మలు పంపింది, ప్రతి పువ్వు కిందా ఒక నీతివాక్యం. వదిన అన్నిటికీ దండం బొమ్మ పెట్టింది. చెప్పాల్సిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట ఇది. ఆఖరి రోజు పొద్దున కాలరు ఎడమ మూల ముడుచుకుపోయింది. ఆయన అద్దంలో చూసుకొని, "ఇదేం ఇస్త్రీ, ఆవు నాకినట్టుంది" అన్నాడు. అవతల పాలు పొంగి స్టవ్వంతా పారుతున్నాయి. "ఉంటే ఉందిలెండి. ముందు పొండి!" అంది వదిన. ఇరవై మూడేళ్ళుగా ఆయన "వెళ్ళొస్తా" అనడం, ఈమె "వెళ్ళిరండి" అనడం. ఆ ఒక్కరోజు ఆయన మూతి ముడుచుకొని వెళ్ళొస్తా అనలేదు, ఈమె పొండి అంది. ఆయన పోయాడు. బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

గుండె అన్నారు డాక్టర్లు. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఏదో ఒకటి అనాలి కదా. వదినకు మాత్రం అసలు కారణం తెలుసు. తనే పొమ్మంది.

అప్పటినుంచి కూతురు గడప దాటాలంటే పెద్ద ప్రహసనం. ఆ పిల్ల ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఏడుంపావు బస్సు అందుకోవాలి. "అమ్మా, వెళ్తున్నా" అని లిఫ్టు దాకా వెళ్ళేసరికి, వెనకాలే చెప్పుల్లేకుండా వదిన.

"వెళ్తున్నా ఏంటే? వెళ్ళొస్తా అను."

"సరే, వెళ్ళొస్తా."

"నవ్వుతూ అను."

ఈలోపు లిఫ్టూ పోయేది, బస్సూ పోయేది. నెలలో తొమ్మిదిసార్లు ఆలస్యంగా వచ్చిందని ఆ పిల్లకు ల్యాబులో హెచ్చరిక చీటీ ఇచ్చారు. ఇంకోసారైతే ఉద్యోగం ఊడుతుందన్నారు. ఆ రోజే తల్లి ఆయన చొక్కాను ఉండచుట్టి నలపడం ఆ పిల్ల కళ్ళారా చూసింది.  వెంటనే, మనసులో బాధలు విని సలహా చెప్పే ఒక కౌన్సిలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

కౌన్సిలర్ గది చాలా శుభ్రంగా ఉంది. మెత్తటి కుర్చీ, దాని పక్కన టిష్యూల డబ్బా. ఏడుపు రాకముందే ఏడుపు సరంజామా సిద్ధం. కూతుర్ని బయట కూర్చోమన్నారు. వదినకు ఆ దేశభాష కూరగాయల కొట్టు వరకు వచ్చు, దుఃఖం దాకా రాదు. అందుకని బల్లమీద ఫోన్ పెట్టి, ఎక్కడో కూర్చున్న ఒకమ్మాయిని అనువాదానికి పిలిచారు. ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగింది. ఆమె తెలుగు, అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు మాట్లాడేంత.

"ఏం జరిగింది ఆంటీ?" అంది ఫోన్లో పిల్ల.

"మా ఆయన పోయారమ్మా."

ఫోన్లో పిల్ల అవతలి భాషలో ఏదో చెప్పింది. కౌన్సిలర్ ముఖం జాలిగా పెట్టి ఏదో అడిగింది.

"ఎక్కడికి పోయారు అని అడుగుతున్నారు."

ఇదేం ప్రశ్న అనుకుంది వదిన. ఎవరి నమ్మకాలు వారివి, ఈ దేశంలో అలా అడుగుతారేమో. "ఇంకెక్కడికి? పైకి" అని వేలు కూడా చూపించింది.

కౌన్సిలర్ పైకప్పు వంక చూసి, రాసుకుంది.

"పై అంతస్తులో ఎవరుంటారు ఆంటీ?"

"పై అంతస్తులోనా? ఒక ముసలావిడ, రెండు పిల్లులు. ఎందుకమ్మా?"

కౌన్సిలర్ అది కూడా రాసుకుంది, ఈసారి కింద గీత కూడా గీసింది.  వచ్చిన పని ఇదే, చెప్పెయ్యాలి అనుకుంది వదిన. "నేనే ఆయన్ని పొండి అన్నానమ్మా. అన్నాను, పోయారు."

ఫోన్లో పిల్ల చెప్పింది. కౌన్సిలర్ ముఖం వికసించింది.

"మీరు వెళ్ళమన్నారు, ఆయన మీ నిర్ణయాన్ని గౌరవించారు, అది చాలా ఆరోగ్యకరం అంటున్నారు ఆంటీ."

వదిన టిష్యూల డబ్బా వంక చూస్తూ కూర్చుంది. ఒక్కటీ తీయలేదు.

బస్సులో కూతురు, కౌన్సిలర్ రాసిచ్చిన కాగితం చదివింది. మొదట కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత భుజాలు ఊగిపోయాయి.

"అమ్మా, నాన్న నిన్నొదిలేసి పై అంతస్తావిడ దగ్గరికి వెళ్ళిపోయాడట!"

"ఆవిడకి ఎనభై ఏళ్ళే!"

"పిల్లులు కూడా ఉన్నాయని రాశారు."

"మీ నాన్నకి పిల్లులంటే తుమ్ములు" అంది వదిన, అదొక్కటే అభ్యంతరమైనట్టు. ఇద్దరూ నవ్వారు. మూడు స్టాపులు దాటాక కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"తెలుగావిడ దొరికితే వెళ్తావా?" అంది కూతురు చివరికి.

"తెలుగావిడకా? చెబితే సాయంత్రానికల్లా నాలుగిళ్ళకీ తెలుస్తుంది. రేపు పొద్దున పువ్వు బొమ్మ కింద నా సంగతే నీతివాక్యమై వస్తుంది."

అయినా కూతురు వెతికింది. అధ్యక్షురాలిని అడిగితే, "మన తెలుగువాళ్ళకి అలాంటి జబ్బులుండవమ్మా, పనిలేక వస్తాయి. ఆదివారం సంఘానికి రమ్మను, కుర్చీలు సర్దిద్దాం" అంది. ఒక కౌన్సెలింగ్ ఆఫీసువాళ్ళు మీ దేశంవాడే అని ఒక కౌన్సిలర్‌ని చూపించారు. ఆయన భాష వేరు, ఈమె భాష వేరు. ఇద్దరూ అరగంటసేపు ఒకరికొకరు మర్యాదగా తలలూపుకున్నారు. ఆరో వారానికి వేరే నగరంలో ఒక తెలుగు కౌన్సిలరమ్మ దొరికింది. నేరుగా కాదు, ల్యాప్‌టాప్‌లో.

వదిన భోజనాల బల్ల తుడిచి, జడ వేసుకొని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మొదటి పావుగంట ఆ కౌన్సిలరమ్మ తెలుగు విని బెంబేలెత్తిపోయింది. పరీక్ష పుస్తకం చదివినట్టుంది.

"మీ దుఃఖ తీవ్రతను ఒకటి నుండి పది వరకు ఏ అంకెతో సూచిస్తారు?"

"అంకె ఎలా చెప్పనమ్మా? బేరమా ఏంటి?"

"పోనీ, ఆ దుఃఖం మీ శరీరంలో ఏ భాగమందు నివసిస్తోంది?"

"అద్దెకి దిగిందనుకున్నారా?" అనేసింది వదిన. అనేసి నాలిక్కరుచుకుంది.

అవతల కౌన్సిలరమ్మ కాగితాలు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నా చదువంతా వేరే భాషలోనండీ, తెలుగులో ఎలా అడగాలో రాసుకుని వచ్చాను, బాలేదు కదూ? మీరే చెప్పండి, నేను వింటాను" అంది.

"ఎవరికీ చెప్పరు కదా?"

"మా ఆయనకి కూడా చెప్పను."

వదిన అప్పుడు చెప్పింది. కాలరు, ఆవు నాకడం, పాలు, స్టవ్వు. ఆ మాట దగ్గరికొచ్చి ఆగింది. బల్లమీద లేని మరకను గోటితో గీకింది.

"పొండి అన్నానమ్మా."

"అయ్యో!" అంది కౌన్సిలరమ్మ.

అంతే. ఎక్కడికి అని అడగలేదు, ఎందుకన్నారనీ అడగలేదు. వెళ్ళిరండి అనాల్సిన చోట ఆ మాట పడితే ఏమవుతుందో విడమరిచి చెప్పాల్సిన పని లేకుండా, ఒక మనిషి నోట్లోంచి అయ్యో అని వచ్చింది. వదినకు ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆ ఇంట్లో టిష్యూల డబ్బా లేదు, కొంగుంది.

చాలాసేపటికి కౌన్సిలరమ్మ మెల్లగా అంది. "ఇది పుస్తకంలో లేదు, ఇలా అనకూడదేమో కూడా. మా ఆయన్ని నేను రోజుకి పదిసార్లు అంటానండీ, పో, పో అని. పద్దెనిమిదేళ్ళ నుంచీ అంటున్నాను. సోఫాలోంచి కదిలితే ఒట్టు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు సగంలో నవ్వొచ్చి, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఆ మాటకే అంత బలముంటేనండీ, ఈపాటికి తెలుగాడవాళ్ళలో సగంమందికి మొగుళ్ళుండేవాళ్ళు కాదు" అంది కౌన్సిలరమ్మ. "వచ్చేవారం ఇదే టైముకి కూర్చుందామా?"

"కూర్చుందాం" అంది వదిన ఎక్కిళ్ళ మధ్యనే.

మర్నాడు పొద్దున వదిన అలవాటుగా లేచింది. సోమవారం చొక్కా, నీలంది, ఉండచుట్టి నలిపింది. బల్లమీద పరిచి, ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది. అంతలో లిఫ్టు దగ్గర్నుంచి కూతురు అరిచింది.

"అమ్మా, వెళ్తున్నా!"

వదిన పాదాలు అప్పటికే గుమ్మం దాకా వచ్చేశాయి. అక్కడ ఆగింది. గుమ్మం పట్టుకుని ఆగింది.

"పోవే, బస్సు పోతుంది!" అంది.

కూతురు లిఫ్టులోంచి తల బయటపెట్టి చూసింది. తలుపులు మూసుకున్నాయి. వదిన కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఆ పిల్ల రోడ్డు దాటి, బస్సెక్కి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. ఒక్క కౌన్సిలరమ్మ చెప్పినంత మాత్రాన భయాలన్నీ పోతాయా?

వెనక్కి వచ్చేసరికి ఇస్త్రీపెట్టె వేడెక్కి బుసబుసలాడుతోంది. చొక్కా నలిగినది నలిగినట్టే పడి ఉంది. కాలరు ఎడమ మూల ముడుచుకొని ఉంది. వదిన దానివంక కాసేపు చూసి, స్విచ్చి ఆపేసి, పళ్ళు తోముకోవడానికి వెళ్ళింది.