ఈరన్న ముడుపు, కొళాయి పన్ను

నాగక్క ఇంటి ముందర సిమెంటు దిమ్మె ఒకటుంది. దానికి కొళాయి బిగించారు గానీ, కిందికి పైపు మాత్రం వేయలేదు. ఐదేళ్లుగా ఆమె ఆ దిమ్మె మీద గోనెసంచులు ఆరేసుకుంటోంది, ఏటా కొళాయి పన్నూ కడుతోంది. నీళ్లు కావాలంటే ఊరి బయట శేషన్న చేను దాకా బిందె మోసుకుపోవాలి. బోరు ఆయనది, దయ ఆయనది. ఆయన కసురుకున్న రోజు వీధి వీధంతా ఖాళీ బిందెలతో తిరిగొస్తుంది. పైపు ఎప్పుడని అడిగితే పంచాయతీలో డబ్బు లేదనేవారు. లేకుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారులే అని నాగక్క ఊరుకునేది.

కోడుమూరుకు పడమటి పల్లె అది. వానొస్తే ఆముదాలు, కందులు. రాకుంటే కూలి. మొగుడు పోయాక ఆ కూలితోనే కొడుకును పెంచి పెళ్లి చేసింది. కోడలు శివలీలకు కానుపు కష్టమని డాక్టరు భయపెడితే, ఈరన్న స్వామికి మొక్కుకుని పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. జాతరనాడు చెల్లించాలని ముడుపును కొయ్యకు తగిలించింది. పక్క కొయ్యకే పన్ను డబ్బు మూట. విడిగా కట్టిపెట్టకపోతే ఇంటిఖర్చులో కలిసిపోతుందని ఆమె భయం.

నాగక్క కూలికి పోయిన రోజు బిల్లు కలెక్టరు గోపన్న వాకిట్లో నిలబడి తొందరపెట్టాడు. పొయ్యి పొగకు రెండు మూటల గుడ్డలూ ఒకే రంగుకు తిరిగాయి. శివలీల చేతికందిన మూట ఇచ్చేసింది. అది ముడుపు.

సాయంత్రం కొయ్య చూసిన నాగక్కకు ఏ మూట పోయిందో తెలిసింది. అసలు పన్ను మూట తీసుకుని పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తింది.

"అవి దేవుని దుడ్లప్పా, పన్నుకు పోగూడదు. ఇవి తీసుకోని అవి ఇయ్యి" అని గోపన్నను బతిమాలింది.

కుర్చీలో ఉన్న సర్పంచి రంగస్వామి నవ్వాడు. "ఎందుకు బయపడతావు నాగక్కా? మన వీది కొళాయి పన్నంతా ఈరన్న గుడి ఆర్చికే పోతాండాది. నీ ముడుపు దేవునికి చేరినట్లే."

ఆయన ఓదార్పుగానే అన్నాడు. అందరూ నవ్వారు, నాగక్కా నవ్వింది. పన్ను మూటతోనే తిరిగొస్తుంటే దారిలో ఆర్చి స్తంభాలు కనిపించాయి. ఇన్నేళ్లూ లేదన్న డబ్బు ఎత్తుగా, నున్నగా నిలబడి ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

పక్కింటి హుసేన్‌బీకి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెప్పుడో తెలుసక్కా. నేనడిగితే మీ దేవునికి అడ్డమొచ్చిందంటారు. అందుకే మెదలకుంటి."

ఆ రాత్రి నాగక్క లెక్క వేసుకుంది. తన పన్నంటే తన దేవునికే పోయిందనుకోవచ్చు. మరి హుసేన్‌బీ పన్ను?

గ్రామసభలో లేచి, కొళాయి పన్ను కొళాయికే పెట్టమని అడిగింది. ఈరన్న భక్తురాలివి, నువ్వే గుడికి అడ్డం పడతావా అన్నాడు రంగస్వామి.

"ముడుపు కట్టినంక ఇంట్లో ఉప్పు లేకున్నా విప్పము గదప్పా. పన్నూ అట్లే. నీళ్లకని ఇస్తిమి, నీళ్లకే విప్పాల. ఈరన్నకు నా ముడుపు నేను కట్టుకుంటా. హుసేన్‌బీతో కట్టించొద్దు."

వెనక బెంచీ నుంచి శేషన్న అన్నాడు: "రేపు బిందె ఎత్తుకోని యాడికి వస్తావో చూస్తాలే."

"నీ బోరు కాడికే వస్తా. పైపు వచ్చేదాకా వస్తా."

ఎవరో నవ్వారు. ఆ వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నాగక్క పక్కన నిలబడ్డారు. ఆర్చి చందాలతో కట్టుకోవాలని, పన్ను పైపులకే పెట్టాలని చివరికి తీర్మానం రాశారు. పైపులు వీధి మొగదల దిగాయి. వాటిని పూడ్చే కాలువ ఇంకా తవ్వలేదు. నాగక్క బోరు దగ్గరికి పోతూనే ఉంది. ఆమె వంతు వచ్చేసరికి శేషన్న మోటరు ఆపేస్తున్నాడు.

నాగక్క అడిగిన న్యాయం రాజ్యాంగం ఇరవై ఏడో అధికరణంలో ఉంది: ఏదో ఒక మతాన్ని పోషించడానికే ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. గుడి ఆర్చికైనా, పీర్ల సావిడికైనా, చర్చి గోడకైనా అదే మాట. భక్తి ఉన్నవాళ్లు చందా ఇస్తారు, ఇవ్వనివ్వండి. పన్ను సంగతి వేరు.

ఈసారి మీ ఊరి గ్రామసభకు పోండి. మీ పన్ను ఎక్కడికి పోయిందో అడగండి. ఒంటరిగా లేస్తే ఏ శేషన్నో బోరు గుర్తు చేస్తాడు. పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని లేవండి.