డీలా పడిన సైకిలు

నిన్న గోల్ ఘర్‌లో సైకిళ్లు బాగుచేసే అతను కూల్‌డ్రింక్ డబ్బాను కత్తెరతో కత్తిరిస్తుంటే కాళ్లు ఆగిపోయాయి. మన వయసు వాళ్లకు పాత రోజులు గుర్తురావడానికి ఆ రేకు చప్పుడు చాలు, కదూ!

నాన్న చేపలమ్మే సైకిలుకు ఒకసారి హ్యాండిల్ కింది బేరింగు గిన్నె వదులైంది. మన ఊళ్లో దిగుడు లేని వీధేది? బ్రేకు నొక్కగానే హ్యాండిల్ టకటకలాడి, అబర్డీన్ బజార్ దిగుడులో నాన్న బుట్టతో సహా పడ్డాడు. ఇక సైకిలెక్కనని గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మే దాన్ని నడిపించుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లింది, వెనకాల నేను.

“దీదీ, ఫ్రేమ్ ఢీలా హో గయా. బదల్‌నా పడేగా,” అన్నాడతను, మార్చాలని చెయ్యి తిప్పుతూ.

అప్పటికి శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవికి కొత్తగా వచ్చాం. హిందీలో ఢీలా అంటే వదులని అమ్మకేం తెలుసు?

“డీలా పడితే మార్చెయ్యడమేటి బాబూ? ఇంటికాడ మా ఆయనా డీలా పడిపోనాడు. ఆయన్నీ మార్చెయ్యమంతావేటి?”

సగమే అర్థమైనా అతను పగలబడి నవ్వాడు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, గిన్నె చుట్టూ చుట్టి, సుత్తితో ఫ్రేములోకి దిగ్గొట్టాడు. హ్యాండిల్ మళ్లీ టకటకలాడితే ఒట్టు. ఆ కథ విని నాన్న కూడా నవ్వాడు, మర్నాడు బుట్ట కట్టాడు.

తర్వాత మా ఇంట్లో ఎవరు మొహం వేలాడేసినా అమ్మది ఒకటే మాట: “రేకు ముక్క తెమ్మంతావేటి?”

నిన్న నేనూ ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను. నాకు సైకిలు లేదని మాత్రం అతనికి చెప్పలేదు.