పాలసీ మాస్టారి ఏకైక విద్యార్థిని

మా స్టాఫ్ రూములో కిటికీ పక్క బల్ల ఆయనది. మా యూనివర్సిటీలో బీమా ప్రధాన సబ్జెక్టుగా ఒక డిగ్రీ ఉందనీ, దానికొక మాస్టారున్నారనీ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు తప్పించుకు తిరిగేవారు. "నేను బీమా చెబుతానండీ" అని ఆయన అనడం ఆలస్యం, ఎదుటివాళ్ళకి అర్జంటు పని ఒకటి గుర్తొచ్చేది. పాలసీ అంటగడతారేమోనని సొంత మేనల్లుడే సందు మార్చేవాడు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిచూపులకి వెళ్తే, పిల్ల తండ్రి "మాకు ఇదివరకే రెండు పాలసీలున్నాయండీ" అని లేచి నిలబడ్డాడట. ఆ తరవాత ఆయన ఎవరింటికీ వెళ్ళలేదు. అందరికీ ఆయన పాలసీ మాస్టారే.

ఈ ఏడాది ఆ కోర్సులో చేరింది ఒకే ఒక్క అమ్మాయి. ఆమె కూడా మానేస్తే విభాగం మూసేసి, ఆయన్ని పరీక్షల ఆఫీసులో కూర్చోబెడతామని పైవాళ్ళు ముఖం మీదే చెప్పారు. మనుషులతో మాట్లాడడానికి ఆయనకి పాఠం తప్ప ఇంకో వంక లేదు. నాకది తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది.

ఆయన మాత్రం ఖాళీ బెంచీలకి కూడా వినబడేలా గొంతెత్తి చెప్పేవారు. జరిగిన నష్టాన్ని అంచనా కట్టే సర్వేయరు ఉద్యోగాలు, క్లెయిములు తేల్చే ఉద్యోగాలు, లెక్కల్లో దిట్టలైతే ప్రీమియం ఎంతుండాలో నిర్ణయించే పెద్ద ఉద్యోగాలు. "ఇల్లు కాలిపోయినవాడి గుమ్మంలోకి చుట్టాల తరవాత వెళ్ళేది మనమేనమ్మా" అనేవారు. పక్క గదిలో అకౌంట్స్ చెప్పుకునే నాకు ఆయన గొంతే ఎక్కువ వినబడేది.

ఒకరోజు ఆ అమ్మాయి కోర్సు మార్పు కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరకొచ్చింది.

"కామర్స్‌లో సీటొచ్చింది సార్. ఉద్యోగాలు రావని కాదు. మీరు చెప్పేది బాగా అర్థమవుతుంది కూడా. కానీ పక్కన ఎవరూ లేరు సార్. నవ్వొస్తే ఎవరివైపు చూడాలో తెలీట్లేదు."

ఆ పిల్లది మెత్తని మనసు. 'నువ్వెళ్తే క్లాసు పోతుంది' అని ఒక్క మాటంటే ఆగిపోయేది. ఆ మాట నేనే అందామని నోరు తెరిచాను. మాస్టారు నావైపు ఒక్క చూపు చూశారు. నోరు మూసుకున్నాను. ఆయన సంతకం పెట్టేశారు.

"మరి మీరొక్కరే అయిపోతారుగా సార్?"

"నాదేముందమ్మా! ముందు నుంచీ ఉన్న జబ్బుకి బీమా వర్తించదు" అని నవ్వారు.

అది బీమాలో ఒక నిబంధన; ఆ పాఠం ఆమెకింకా రాలేదు. అమ్మాయి కంగారుపడిపోయింది. "జబ్బేంటి సార్? డాక్టరుకి చూపించుకున్నారా?"

ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పాపం, సంతకం పెట్టిన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చారు.

"చూపించుకుంటానమ్మా" అన్నారు.